సైజు మార్చండి, ఛాయ మార్చకండి

వార్షికోత్సవ సంచికలో అందరి ఫొటోలూ ఒకే సైజులో ఉండాలి. ఒక్కొక్కటీ తెరిచి, సైజు తగ్గించి, సేవ్ చేస్తూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. 1996లో వచ్చిన ఫొటోషాప్ 4 నుంచీ ఆ బాధ తీరింది. ఒక ఫొటోకు చేసిన పనిని 'యాక్షన్'గా రికార్డు చేసి 'బ్యాచ్' నడిపితే ఫోల్డరంతా అదే వరుసలో పూర్తవుతుంది. జూలూరుపాడు హాస్టల్లో ప్రతి విద్యార్థీ ఈ పని నేర్చుకోవాలని మేము కోరుతున్నాం. దరఖాస్తులకు పెట్టే ఫొటోలకూ ఇదే పనికొస్తుంది.

అయితే చాలామంది ఆ వరుసలోనే 'బ్రైట్‌నెస్' కూడా పెంచేస్తారు. మేము ఒప్పుకోనిది అక్కడే. అందరి సైజూ ఒకటి కావచ్చు, అందరి ఛాయా ఒకటి కాదు. ఒకరి ముఖానికి కుదిరిన అంకె మరొకరి ముఖాన్ని బూడిద పూసినట్టు చేస్తుంది. యంత్రానికి అంకెలే తెలుసు, మనుషులు తెలియదు.

ఇది కొత్త అన్యాయమేమీ కాదు. ఫిల్ము రోజుల్లో ల్యాబులు రంగులు సరిచూసుకునే కొడాక్ 'షర్లీ కార్డు' మీద దశాబ్దాలపాటు ఉన్నది తెల్లజాతి యువతి బొమ్మే. నల్లవారి ముఖాలు ఆ ఫొటోల్లో సరిగా వచ్చేవి కావు.

కనుక సైజు, ఫైలు పేరు, కేబీల లెక్క యంత్రానికి వదిలేద్దాం. వెలుగు తక్కువైన ఫొటోను మాత్రం మనమే చూసి సరిచేద్దాం. మార్చినవి వేరే ఫోల్డరులో పెట్టి, అసలువి భద్రపరుద్దాం. సంచిక తెరవగానే ఊళ్లో అమ్మ తన బిడ్డను గుర్తుపట్టాలి. నలుపు దిద్దవలసిన తప్పు కాదు.