నీరు వచ్చే దారి ఉంది, పోయే దారేదీ?

నీరందక పైరు ఎండితే రైతు గోడు పదిమందికీ తెలుస్తుంది. నీరు పోక పైరు కుళ్లితే పట్టించుకునే వారు తక్కువ. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప వేసే రైతులకు ఈ రెండో బాధ కొత్తది కాదు.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, పగుళ్లు మూసుకుంటాయి, నీరు త్వరగా ఇంకదు. చేలో నీరు రెండు మూడు రోజులు నిలిచిందా, వేళ్లకు గాలి ఆడదు. మిరపకు వేరుకుళ్లు, ఎండు తెగులు పట్టుకుంటాయి. పత్తి వడలి పూత, పిందె రాలుస్తుంది. చల్లిన యూరియాలో కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటి వెంట పోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు రైతులు ఈ నష్టాన్ని కళ్లారా చూశారు.

వెంటనే కనిపించని నష్టం మరొకటి ఉంది. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలారు. మెట్ట పొలాలకు నీరందడం సంతోషమే. కాని మురుగు పోని పల్లపు చేలల్లో భూమిలోని నీటి మట్టం పైకి వస్తుంది. ఆ నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, గట్లు తెల్లబారతాయి. అదే చౌడు. జిప్సం వేసినా, కరిగిన ఉప్పు బయటకు పోయే దారి లేకపోతే ఆ ఖర్చు వృథా.

దారి ఇస్తే నేల బాగుపడుతుందనడానికి మార్టూరు మండలం కోనంకి సాక్ష్యం. బాపట్ల శాస్త్రవేత్తలు నెదర్లాండ్స్ సహకారంతో అక్కడ భూమిలో చిల్లుల గొట్టాలు పరిపించి మురుగు తీయించారు. చౌడు తగ్గి వరి దిగుబడి పెరిగింది.

గొట్టాలు అందరికీ సాధ్యం కాకపోవచ్చు. మురుగు బోదె తవ్వుకోవడం సాధ్యమే. అయితే పై చేను మురుగు కింది చేలో నిలిస్తే తగాదా మిగులుతుంది. కాబట్టి ఊరంతా కలిసి వాగు దాకా దారి తీయాలి. ఎరువులు, పురుగుమందులు కలిసిన ఆ నీటిని మాత్రం పశువులు తాగే చెరువులోకి మళ్లించరాదు.

పెద్ద కాలువల్లో పూడిక, తూటికాడ తీయించవలసింది ప్రభుత్వమే. కాని ఊరి మురుగు కాలువను కలుపుకొని నాలుగు సాళ్లు ఎక్కువ వేసిన రైతు పదిమంది చేలు ముంచుతున్నాడు. అతనికి చెప్పవలసింది ఊరి పెద్దలే. నీటి వంతు కోసం చూపే పట్టుదల మురుగు విషయంలోనూ చూపాలి.

ఈ పని వేసవిలోనే తేలిక. వానలు పడ్డాక రేగడి పారను వదలదు.