ఉగ్రవాదమును చదువుట నేరమా?

2007లో మక్కా మసీదు, లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ల యందును, 2013లో దిల్‌సుఖ్‌నగరు నందును బాంబులు ప్రేలి నిరపరాధులు మడిసిరి. ఇట్టి నగరమున నుగ్రవాదమును గూర్చిన పరిశోధన యవసరమా యను ప్రశ్నకే తావు లేదు. హైటెక్ సిటీ యంత్రములు ఉగ్రవాదుల వ్రాతలను జల్లెడ పట్టవచ్చును. యువకుడు హంతకుడెట్లగుచున్నాడో తెలిసికొనుట మాత్రము పండితుల పని. ఆ కార్యము చెంతనే గచ్చిబౌలిలో నున్న, 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము వంటి విద్యాపీఠములకు తగినది.

కాని ఆ వ్రాతలను చదువనిదే విచారణ సాగదు. చదివినవానినే శంకించినచో నెవడు సాహసించును? 2008లో ఇంగ్లాండు నందలి నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు పరిశోధనకై అల్‌ఖైదా శిక్షణగ్రంథమును సంపాదించినందుకు నిర్బంధింపబడి, దాదాపొక వారము చెరనుండి, నేరారోపణ లేకయే విడువబడెను. ఆ గ్రంథమును అమెరికా ప్రభుత్వమువారే ప్రకటించియుండిరి! 2011లో పోలీసులు 20,000 పౌనులు పరిహారముగా నిచ్చుకొనిరి.

మన విద్యాపీఠములు ఆపద రాకమునుపే మేల్కొనవలెను. అట్టి గ్రంథములను గ్రంథాలయముననే యుంచి, ఆచార్యుల యనుమతితో చదివించి, ఆ యనుమతిని వ్రాతమూలముగా నొసంగవలెను. పోలీసులు ప్రశ్నించిన దినమున విద్యార్థిని ఒంటరిగా విడువక ముందు నిలిచి సమాధానము చెప్పవలెను. హింసను బోధించువాడు వేరు, హింసను శోధించువాడు వేరు. ఈ భేదము నెరుగని విద్యాపీఠము దేశమునకు రక్ష కాజాలదని మా యభిప్రాయము.