ఆడపిల్ల చదువుకు అడ్డు ఏది?

పత్తి, మిరప పండే ఈ మైదానంలో ముస్లిం బాలిక ఎందుకు చదువు మానుతోందని ఎవరిని అడిగినా ఒకే సమాధానం సిద్ధంగా ఉంటుంది. మతం ఒప్పుకోదట, పరదా అడ్డమట, తొందరపడి పెళ్లి చేసేస్తారట. కార్యాలయాలలో కూర్చున్నవారికి ఈ సమాధానం ఎంతో అనుకూలం. తప్పంతా ఆ ఇంటిదే అయినప్పుడు బడి కట్టవలసిన పని ఉండదు, బస్సు నడపవలసిన పని ఉండదు. మన పెద్దలలో కొందరికీ ఇది అనుకూలమే. చేతకానితనాన్ని ఆచారం చాటున దాచుకోవచ్చు. ఈ సమాధానాన్ని మేము అంగీకరించడం లేదు.

2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ఈ అపవాదును లెక్కలతోనే తోసిపుచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని తేల్చిన ఆ కమిటీయే, ముస్లిం తల్లిదండ్రులు ఆడపిల్లల చదువుకు విముఖులన్న మాట నిజం కాదని కూడా తేల్చింది. పేదరికం, ప్రాథమిక స్థాయి దాటాక దగ్గరలో బడి లేకపోవడం, చదివినా ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేకపోవడం దానికి కనిపించిన కారణాలు. బడి ఈడు ముస్లిం పిల్లలలో మదర్సాలకు వెళ్లేవారు నూటికి ముగ్గురు నలుగురికి మించరని కూడా అందులోనే ఉంది. నివేదిక వచ్చి ఇన్నేళ్లయినా పాత సమాధానం మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ అపవాదు మన ఒక్కరికే పరిమితం కాదు. ఆఫ్రికా పల్లెల మీదా ఇదే మాట ఉండేది. 1991లో ఆన్ కాటన్ అనే బ్రిటిష్ మహిళ జింబాబ్వేలోని మోలా అనే మారుమూల ప్రాంతానికి పరిశోధన కోసం వెళ్లారు. అక్కడి బడులలో బాలికలు తక్కువగా ఉండడానికి ఆచారాలే కారణమని అప్పటికి చదువుకున్నవారి నమ్మకం. తల్లిదండ్రులతో మాట్లాడాక ఆమెకు తెలిసింది వేరు. కూతురిని చదివించాలని వారికీ ఉంది. ఫీజుకు డబ్బు లేదు. ఇద్దరినీ పంపలేని ఇంట, రేపు కూలి దాటి ఉద్యోగం దొరికే అవకాశం కొడుకుకే ఎక్కువని లెక్కవేసి అతణ్ణే పంపేవారు. 1993లో 32 మంది బాలికల ఖర్చు భరించడంతో కామ్‌ఫెడ్ అనే సంస్థ మొదలైంది.

ఆ సంస్థ చేసిన ధర్మం కన్నా, ఆ ధర్మం పొందిన బాలికలు తర్వాత చేసిన పని మాకు ముఖ్యంగా తోస్తోంది. అలా చదువుకున్న యువతులు 1998లో తామే ఒక సంఘంగా ఏర్పడ్డారు. దాని పేరు కామా. ఫీజు కట్టలేక బడి మానబోయే పిల్ల ఏ ఇంట ఉందో పైఅధికారికి తెలియదు, ఆ వీధిలోనే పెరిగిన అక్కకు తెలుస్తుంది. ఆ అక్క ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడుతుంది, తన సంపాదనలోంచి పుస్తకాలో దుస్తులో కొనిపెడుతుంది, బడిలో ఆ పిల్లను కనిపెట్టుకొని ఉంటుంది. మొట్టమొదట సహాయం పొందిన బాలికలలో ఒకరైన ఏంజెలిన్ మురిమిర్వా కాలక్రమేణ కామ్‌ఫెడ్‌కే ప్రధాన కార్యనిర్వహణాధికారి అయ్యారు. ఇంకో దారిలో, 1992లో ఐదుగురు ఆఫ్రికా మహిళా విద్యామంత్రులు నైరోబి కేంద్రంగా 'ఫావే' అనే వేదికను నెలకొల్పారు. టాంజానియాలో పుట్టిన 'తుసేమే' కార్యక్రమాన్ని అది అనేక దేశాలకు తీసుకువెళ్లింది. స్వాహిలీలో ఆ మాటకు 'నోరు విప్పుదాం' అని అర్థం. బడిలో తమకున్న ఇబ్బందులను బాలికలే నాటకంగా ఆడి, పెద్దలను కూర్చోబెట్టి జవాబు అడుగుతారు.

మన సభలలో ఆడపిల్లల చదువు ప్రస్తావన వస్తే ఫెజ్ నగరంలో ఖరవియ్యీన్ విద్యాలయానికి పునాది వేసిందని చెప్పుకొనే ఫాతిమా అల్ ఫిహ్రీ పేరు ఎత్తని వక్త ఉండడు. సంతోషమే. అయితే ఆ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్న వక్త తన వీధిలో ఎనిమిదో తరగతితో బడి మానిన పిల్ల ఎవరో చెప్పగలడా అన్నది మా అనుమానం. తొమ్మిదో శతాబ్దం దాకా వెళ్లనక్కరలేదు. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా పత్రికలు నడిపి, నవలలు రాసి, 1934లో తన తండ్రి సఫ్దర్ అలీ మీర్జా పేరిట సఫ్దరియా బాలికల పాఠశాల స్థాపించారు. పరదా కుటుంబాల బాలికలకు చదువుతోపాటు చేతిపని కూడా నేర్పిన బడి అది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఎం.వి. ఫౌండేషన్. శాంతా సిన్హా నాయకత్వంలో రంగారెడ్డి జిల్లా పల్లెలలో పనిచేసిన ఈ సంస్థ పత్తి విత్తనాల చేలలో మగ్గుతున్న బాలికలను బడికి రప్పించింది. పనిలోంచి తెచ్చిన పిల్లలను శిబిరాలలో ఉంచి, తప్పిపోయిన తరగతుల చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. ఈ కృషికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం లభించింది. ఆఫ్రికా దేశాల నుంచి కార్యకర్తలు వచ్చి ఆ పల్లెలలో నేర్చుకొని వెళ్లారు. ఆ సంస్థ పట్టుబట్టిన సూత్రం ఒక్కటే: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే. కూలికి వెళ్లే పిల్లే కాదు, ఇంట్లో వండుతూ తమ్ముణ్ణి ఎత్తుకొని ఉండే పిల్ల కూడా.

ఈ కొలతతో తుళ్లూరు వైపు చూడాలి. పత్తితో మన అనుబంధం నేటిది కాదు, దూది ఏకిన నూర్‌బాషా చేతులు మనవే. ఇక్కడి నల్లరేగడిలో 2015 నుంచి రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగింది. భూమి ఇచ్చిన రైతుకు ప్లాటు, కౌలు దక్కాయి. సెంటు భూమి లేని కుటుంబానికి దక్కింది నెలకు 2,500 రూపాయలతో మొదలైన పింఛను. చేలు పోయిన తర్వాత కూలి మాత్రం ఆగదు కదా. తెల్లవారుజామునే తల్లులు ఆటోలలో కిక్కిరిసి పొరుగు మండలాల పత్తి తీతలకు, మిరప కోతలకు, కల్లాలలో తాలుకాయ ఏరడానికి వెళుతున్నారు. తల్లి నాలుగింటికి ఇల్లు వదిలితే పొయ్యి దగ్గర నిలబడేది పెద్దకూతురు. ఆమె 'మతం వల్ల' బడి మానలేదు. ఆటో వేళ వల్ల మానింది. పైగా కోతలు ఉధృతంగా సాగేది మార్చిలో, పదో తరగతి పరీక్షలూ ఆ నెలలోనే. ఐనవోలులో, నీరుకొండలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. వాటి గేటు ముందు నుంచే ఈ ఆటోలు వెళుతుంటాయి.

ఈ దారిలో ఉన్న కాస్త ఊతాన్ని కేంద్ర ప్రభుత్వం లాగేసింది. 1 నుంచి 8 తరగతుల మైనారిటీ విద్యార్థుల ఉపకారవేతనాన్ని 2022లో నిలిపివేసింది. 9 నుంచి 12 తరగతుల బాలికలకు బేగం హజ్రత్ మహల్ పేరిట ఏడాదికి 5,000, 6,000 రూపాయలు ఇచ్చిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని 2024లో ఆదేశించింది. ఢిల్లీ లెక్కలో అది చిల్లర. కూలి ఇంట్లో అది ఒక పిల్ల ఏడాది చదువు. మతమే అడ్డమని చెప్పేవారు ఈ నిర్ణయాలకు ఏ మతాన్ని కారణంగా చూపుతారో తెలుసుకోవాలని ఉంది.

రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులలో టిక్కెట్టు లేదు. మంచి పని. కానీ పల్లెకు బస్సు వచ్చే వేళకూ బడిగంటకూ పొత్తు కుదరకపోతే ఉచితం కాగితం మీదే మిగులుతుంది. ఈ విషయమై డిపో మేనేజరుకు అర్జీ పెట్టవలసింది మనమే. రాజధాని ప్రాంతంలో 2014 డిసెంబరు 8 నాటికి నివసిస్తున్న వారందరికీ ఉచిత విద్య అని భూసమీకరణ వేళ ప్రభుత్వం మాట ఇచ్చింది. భూమి ఉన్నవారి బకాయిల మీద ధర్నాలు జరిగాయి, అవి న్యాయమైనవే. ఈ చదువు హామీ మీద మాత్రం ఎవరూ గొంతెత్తలేదు. కూలి ఇళ్ల ఆడపిల్లల పక్షాన అడిగేవారు లేకపోవడమే కారణం.

అడిగేవారు తయారు కావాలి. మసీదు కమిటీలు, అంజుమన్‌లు తీర్మానాలు చేసి ఊరుకుంటే కుదరదు. ప్రతి ఊరిలో డిగ్రీ దాకా వెళ్లిన ముస్లిం యువతులు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వారు సభలలో వెనుక వరుసలో ఉంటున్నారు. బడి మానిన పిల్లల జాబితా తయారుచేసే బాధ్యత, జకాత్, చందాల సొమ్ములో చదువు కోసం తీసిన భాగాన్ని ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే అధికారం వారికి అప్పగించాలి. లెక్క మాత్రం జమాత్ ముందు చదివి వినిపించాలి. కోతల కాలంలో తల్లులు లేని ఇళ్లలోని చిన్నపిల్లలను ఉదయం ఏడు నుంచి అంగన్‌వాడీలో చేర్చుకునే ఏర్పాటు కోసం ఈ సంఘాలే అధికారులను కలవాలి. మానిన పిల్లను కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్పించడం, ఇల్లు విడిచి పంపడానికి జంకే తల్లిని ఒకసారి ఆ వసతిగృహానికి తీసుకువెళ్లి చూపించడం ఈ అక్కలు చేయగల పనులు.

వచ్చే మార్చి నాటికి తుళ్లూరు మండలంలోని ప్రతి జమాత్ నుంచి మాకు ఒక కాగితం కావాలి. పదో తరగతిలో పేరున్న మన బాలికలు ఎందరు, పరీక్ష రాసినవారు ఎందరు, రాయనివారు ఆ రోజు ఎక్కడ ఉన్నారు. పేర్లు మేము ప్రచురించము. అంకెలు మాత్రం ఊరివారీగా ఏప్రిల్ సంచికలో అచ్చువేస్తాము, ప్రతిని సి.ఆర్.డి.ఎ. కమిషనరుకు, జిల్లా విద్యాధికారికి పంపుతాము.