ర్యాంప్ మీద నేతన్న పేరు ఉండాలి

2025 జూన్‌లో మిలాన్ పురుషుల ఫ్యాషన్ వీక్‌లో ప్రాడా మోడళ్లు వేసుకొచ్చిన చెప్పులను కొల్హాపూర్‌లో ఎవరికి చూపించినా ఇట్టే గుర్తుపడతారు. వేలికి తోలు ఉంగరం, పాదం మీద పట్టీ, చదునైన అడుగు. కంపెనీ మాత్రం వాటిని ‘తోలు చెప్పులు’ అని చెప్పి ఊరుకుంది. తరతరాలుగా వాటిని కుడుతున్న మహారాష్ట్ర, కర్ణాటక చర్మకారుల ఊసే లేదు. ఆ కొల్హాపురి చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతీ లేదు. జనం మండిపడి, మహారాష్ట్ర వాణిజ్య మండలి లేఖ రాశాక గాని, భారతీయ చేతిపనే తమకు ప్రేరణ అని ప్రాడా ఒప్పుకోలేదు. డిసెంబరు వచ్చేసరికి ఆ రెండు రాష్ట్రాల ప్రభుత్వ తోలు సంస్థలతో ఒప్పందం కుదిరింది. 2,000 జతలు ఇక్కడే చేయించి, జత దాదాపు 800 యూరోలకు అమ్ముతామని కంపెనీ ప్రకటించింది. కొల్హాపూర్ బజారులో వెయ్యి రూపాయలు పెట్టినా మంచి జత దొరుకుతుంది.

ఈ గొడవలో చాలామందికి దొంగతనం కనబడింది. నాకు ఫ్యాషన్ వీక్ అసలు చేసే పనేమిటో కనబడింది. అక్కడ పేరు పడితే ధర పలుకుతుంది. పేరు పడనివాడికి కూలే మిగులుతుంది.

మన పత్రికల్లో ఫ్యాషన్ వీక్ అంటే సినిమా కబుర్ల పక్కన ఒక రంగుల ఫొటో. ‘ఇవి ఎవరు కట్టుకుంటారమ్మా’ అనుకొని పేజీ తిప్పేస్తాం. హైదరాబాద్‌లో బట్టల ఎగుమతి కంపెనీలో మర్చండైజర్‌గా పనిచేస్తున్న నాకు ఆ ఫొటో వెనకాల నడిచే లెక్క ముఖ్యం. ఫిబ్రవరి, మార్చిలో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరులో మరోసారి న్యూయార్క్, లండన్, మిలాన్, ప్యారిస్ నగరాలు ఒకదాని వెనక ఒకటి ప్రదర్శనలు పెడతాయి. సెప్టెంబరు, అక్టోబరు ప్రదర్శనల్లో రాబోయే ఎండాకాలం బట్టలను ఆరు నెలల ముందే చూపిస్తాయి. ర్యాంప్ మీద నడక పావుగంటలో ముగుస్తుంది. అసలు బేరం ఆ తర్వాత షోరూముల్లో జరుగుతుంది. పెద్ద దుకాణాల తరఫున వచ్చిన బయ్యర్లు హ్యాంగర్లకు వేలాడుతున్న ఒక్కో బట్టనూ వేళ్ల మధ్య నలిపి చూస్తారు. తిరగేసి కుట్టు చూస్తారు. ధర అడుగుతారు, ఎన్ని పీసులు ఇవ్వగలరో అడుగుతారు, జనవరికల్లా సరుకు దుకాణానికి చేరుతుందా అని అడుగుతారు. నచ్చితే ఆర్డరు రాస్తారు. ఆ కాగితాల మీదే ఎక్కడెక్కడి మిల్లులకూ, కుట్టుమిషన్లకూ, మగ్గాలకూ వచ్చే కొన్ని నెలల పని ఆధారపడి ఉంటుంది. ప్యారిస్ ప్రదర్శనలు ముగిసిన వారంలోనే ఫలానా రంగు, ఫలానా నేత శాంపిల్ పంపమని మా ఆఫీసుకు మెయిళ్లు మొదలవుతాయి.

బట్టకూ పేరుకూ ఈ ముడి వేసింది ప్యారిసే. 1858లో అక్కడ దుకాణం తెరిచిన ఇంగ్లిష్ దర్జీ చార్లెస్ ఫ్రెడెరిక్ వర్త్, తాను తయారుచేసిన గౌన్ల లోపల తన పేరున్న పట్టీ కుట్టించాడు. ఇక న్యూయార్క్ ఫ్యాషన్ వీక్ పుట్టిందే పేరు కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో ప్యారిస్ జర్మన్ల చేతుల్లోకి పోయింది. అమెరికా పత్రికలవాళ్లకు అటు దారి మూసుకుపోయింది. ఎలనార్ లాంబర్ట్ అనే ప్రచార నిపుణురాలు ఆ అదను కనిపెట్టి 1943లో ‘ప్రెస్ వీక్’ మొదలుపెట్టింది. అప్పటిదాకా అమెరికాలో చాలామంది డిజైనర్లు తయారీ కంపెనీల వెనక గదుల్లో పేరు లేకుండా పనిచేసేవారు. బట్ట మీద కంపెనీ పేరో, దుకాణం పేరో ఉండేది. విలేకరులు వచ్చి చూసి రాయడంతో ఆ వెనక గదుల్లోని మనుషులు జనానికి తెలిశారు. ఇవాళ అమెరికన్ ఫ్యాషన్ అనే మాటకు ప్రపంచంలో ఉన్న విలువలో ఆ ప్రెస్ వీక్‌ది పెద్ద వాటా.

ఆనాడు డిజైనర్‌కు దక్కినది ఇప్పుడు మగ్గం మీద కూర్చున్న మనిషికి దక్కాలి. నేను కోరేది అదే.

నేను పుట్టింది పోచంపల్లి పక్క ఊళ్లో, పద్మశాలీల ఇంట్లో. గ్రాఫ్ కాగితం మీద తాను గీసుకున్న నమూనా ముందు పెట్టుకొని, నాన్న పోగుల కట్టలను సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పీలికలతో బిగించి చిటికి కట్టేవాడు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఒక రంగులో ముంచి ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ఇంకో రంగులో ముంచాలి. అమ్మ ఆసు పోసేది. ఒక పక్క ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రం ఆకారంలో వరసగా మేకులు. వాటి చుట్టూ నూలు తిప్పుతూ ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. అట్లా తన తల్లి భుజం పడుతున్న బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసుయంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. పడుగు మగ్గమెక్కాక అసలు పరీక్ష మొదలవుతుంది. పోగు వెంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు చెదురుతుంది. నాన్న ప్రతి వరసకూ ఆగి, పేకపోగును వేలితో లాగి గుర్తుకు గుర్తు కలిపి, అప్పుడు పలక కొట్టేవాడు. దారంలో ఎక్కడ ముడి వేస్తే గుడ్డలో ఎక్కడ పువ్వు తేలుతుందో ముందే లెక్కగట్టే ఆ తెలివికి కూడా కూలి లెక్కనే డబ్బు ముట్టేది.

కొన్నేళ్ల కిందట ఒక డిజైనర్ మా ఇంట్లో నేసిన గుడ్డతో మన దేశంలోనే ఒక పెద్ద వేదిక మీద ప్రదర్శన ఇచ్చారు. అతిథుల కుర్చీల్లో పెట్టిన కాగితంలో ఆ గుడ్డ గురించి ‘ఇక్కత్‌తో డిజైనర్ చేసిన సాహసం’ అని రాశారు. నమూనా గీసింది నాన్న. ఆయన పేరు సరే, ఊరి పేరు కూడా లేదు. ఆ కాగితం చదివి వినిపిస్తే నాన్న, ‘మన ఊరి పేరన్న రాస్తే వచ్చే యేడు ఇంకో నలుగురు బేరానికి వచ్చేటోళ్లు గద బిడ్డా’ అన్నాడు. పేరు రాయకపోతే పోయేది పని అని ఆయనకు బాగా తెలుసు.

ఇది ఇప్పటి నష్టం కాదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన అద్దకం బట్టలకు ఐరోపాలో విపరీతమైన గిరాకీ ఉండేది. మన దేశపు అద్దకాల మీద జనం మోజు చూసి, తమ పట్టు, ఉన్ని పరిశ్రమలను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఒక రాజ్యాన్ని అంత కలవరపెట్టిన బట్టలను అద్దిన చేతులు ఎవరివో ఇవాళ మనం చెప్పుకోలేం.

డిజైనర్ లేకపోతే ఆ గుడ్డ ర్యాంప్ దాకా వచ్చేదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కోత, కూర్పు, పెట్టుబడి, నష్టభయం అన్నీ డిజైనర్‌వే. ఆ గౌరవం అలాగే ఉండాలి. కానీ సినిమా టైటిల్స్‌లో ఛాయాగ్రాహకుడి పేరు వేసినంత మాత్రాన దర్శకుడు చిన్నవాడైపోడు. పేరు చెబితే బ్రాండ్ విలువ పడిపోతుందన్న భయానికీ ఆధారం లేదు. 2023 మార్చిలో డియోర్ ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ప్రదర్శన పెట్టినప్పుడు, తనకు ఎంబ్రాయిడరీ చేసిపెట్టే ముంబై సంస్థ చాణక్య పేరు బాహాటంగానే చెప్పింది. 2020 జనవరిలో ప్యారిస్ హాట్ కోచర్ వీక్‌లో ప్రదర్శన ఇచ్చిన తొలి భారతీయ డిజైనర్ రాహుల్ మిశ్రా, తన పని గురించి మాట్లాడిన ప్రతిచోటా చేతిపనివాళ్ల గురించి మాట్లాడతారు. దారి తెరుచుకుంది. సంస్థ దగ్గర ఆగిన పేరు ఇప్పుడు ఊరి దాకా, మనిషి దాకా రావాలి.

అందుకు మొదట మన దేశంలో ఫ్యాషన్ వీక్‌లు నడిపేవాళ్లే ఒక నియమం పెట్టాలి. చేనేత వాడిన ప్రదర్శనలో ఆ గుడ్డ ఏ ఊరిది, ఏ పద్ధతిలో నేశారు, ఎవరు నేశారు అన్నది రాసి ఇవ్వనిదే వేదిక ఇవ్వకూడదు. ఢిల్లీ, ముంబైలలో మనం పాటించని మర్యాదను మిలాన్‌లో ఏ ముఖంతో అడుగుతాం?

రెండోది ఆర్డరు. చిటికి కట్టి రంగులేసిన ఒక పడుగు మీద చీరలన్నీ దిగేసరికి మా ఇంట్లో నెల దాటేది. అక్టోబరులో ఆర్డరు రాసి జనవరికి సరుకు కావాలంటే నూలుకు, రంగులకు ముందే అడ్వాన్సు ఇవ్వాలి, పనిని నాలుగు ఊళ్ల మగ్గాలకు పంచాలి. షో కోసం ఒక్క తాను నేయించుకొని, ఆర్డర్లు వచ్చాక అదే నమూనాను మిల్లులో ప్రింటు కొట్టించే అలవాటు నేతగాడి కడుపు కొడుతోంది. దీన్ని మా వ్యాపారంలో అందరూ ఎరుగుదురు. ఇకనైనా ఆపాలి.

మూడోది ప్రభుత్వాల చేతిలో ఉంది. మన భౌగోళిక గుర్తింపు మన దేశంలోనే చెల్లుతుంది. అయితే చేతివృత్తుల ఉత్పత్తులకు కూడా అలాంటి రక్షణ ఇచ్చే కొత్త చట్టం ఐరోపా సమాఖ్యలో 2025 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. సొంత దేశంలో గుర్తింపు ఉన్న వస్తువులకు బయటి దేశాల ఉత్పత్తిదారుల సంఘాలు కూడా అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ చట్టం కాపాడేది పేరునే. పేరు ఎత్తకుండా నమూనా ఎత్తుకుపోతే అది అడ్డుపడలేదు. కానీ మిలాన్‌లో, ప్యారిస్‌లో పోచంపల్లి ఇక్కత్ అన్న మాట రిజిస్టరై ఉంటే, ఆ మాట తమ సరుకు మీద రాసుకోవాలనుకున్న కంపెనీ అసలు నేతగాడి దగ్గరికే రావాలి, అతనితోనే బేరానికి కూర్చోవాలి.

పోచంపల్లి ఇక్కత్, ఉప్పాడ జాందానీ, పుట్టపాక తేలియా రుమాలు, గద్వాల చీర, శ్రీకాళహస్తి కలంకారీ: వీటన్నిటికీ ఇక్కడ గుర్తింపు పత్రాలున్నాయి. సహకార సంఘాలకు ఐరోపా దరఖాస్తు ఫీజు కట్టే స్తోమతా లేదు, రాసిపెట్టే లాయర్లూ లేరు. ఆ ఖర్చు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేనేత శాఖలు భరించాలి. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం పేరిట వేదికలెక్కించి మా వాళ్లకు కప్పే శాలువా కన్నా, ఆ ఒక్క దరఖాస్తు వాళ్ల ఇళ్లలో ఎక్కువ రోజులు పొయ్యి వెలిగిస్తుంది.