పిల్లికి బిచ్చము కాదు, కూలి

పరమలోభిని గుఱించి చెప్పునపుడు “పిల్లికైనను బిచ్చము పెట్టడు” అనుట మన వాడుక. లోభికి ఈ నింద తగినదే గాని, పిల్లిపట్ల ఈ మాటలో నొక పొరపాటు గలదు. రైతు ఇంట పిల్లి తినునది బిచ్చము కాదు. అది చేయు పనికి ముట్టవలసిన కూలి. ఆ కూలి ఎగవేసినచో తుదకు నష్టపడువాడు రైతే యని మా యభిప్రాయము. పంట ఇల్లు చేరి గాదెలును పురులును నిండు సమయమున ఈ విషయమును సభ్యుల యెదుట నుంచుట యుక్తమని తలంచితిమి.

పిల్లికిని సేద్యమునకును గల సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. ఇప్పటి పెంపుడుపిల్లులకు మూలము ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతములందలి యొక జాతి అడవిపిల్లి. మానవులు ధాన్యమును నిలువచేయ నారంభించిన పిమ్మట ఆ నిలువలకై ఎలుకలును, ఎలుకలకై పిల్లులును చేరినవని పండితుల యూహ. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి యొక సమాధిలో మనుష్యుని చెంతనే పిల్లిని గూడ పూడ్చియుండుటను పరిశోధకులు 2004వ సంవత్సరమున ప్రకటించిరి. ఆ దీవిలో పిల్లిజాతి సహజముగా లేదు గనుక మనుష్యులే దానిని పడవలపై కొనితెచ్చియుండవలెను. ఎద్దును మనము పట్టి కాడికి కట్టితిమి. పిల్లి మాత్రము తన లాభము చూచుకొని తానే మన గడప త్రొక్కినది. కావున దానిని కట్టివైచియు కొట్టియు పని చేయించుట సాధ్యము కాదు. ఆదరము గల చోట నుండును. లేనిచో పొరుగింటికి పోవును.

“కడుపు మాడ్చిననే పిల్లి ఎలుకను పట్టును” అని మనలో ననేకులు నమ్ముచున్నారు. ఇది సరికాదు. పిల్లికి ఆకలి వేఱు, వేటబుద్ధి వేఱు. కడుపు నిండిన పిల్లియు కదలెడు ఎలుకను చూచి ఊరకుండజాలదు; చంపి తినక విడుచుటయు మన మెఱిగినదే. ఆకలిగొన్న పిల్లియో, తిండికై ఊరెల్ల తిరుగును, పాలకుండ మూత త్రోయును, కోడిపిల్లల నెత్తుకొనిపోవును. గాదె క్రింద గంటలకొలది కాచియుండుటకు దానికి తీరిక యెక్కడిది? అటుపై దొంగ యని కఱ్ఱ తీసికొని తఱుముదుము. దానిని దొంగను చేసినవారము మనమే.

ఆ కూలి యెట్టిదిగా నుండవలయునో తెలిసికొందము. పిల్లి మాంసాహారముచేతనే బ్రదుకు జంతువు. టారిన్ అను నొక పదార్థమును దాని దేహము చాలినంత తయారుచేసికొనజాలదు. అది మాంసమునందును చేపలయందును లభించును గాని అన్నమునందు గాని పప్పునందు గాని లభింపదు. అది కొఱవడినచో క్రమముగా చూపు చెడును, గుండె బలహీనమగును. కావున చేపతలలనో, ఉప్పు పోవునట్లు కడిగిన ఎండుచేపలనో ఉడికించి, ఆ నీటితోగూడ కొంచె మన్నమున కలిపి పెట్టుట మేలు. మాంసము ముట్టని యిండ్లవారు పెరుగన్నము పెట్టి పిల్లిని గదిలో బంధించియుంచగూడదు; స్వేచ్ఛగా వేటాడనిచ్చినచో తనకు వలయునది తానే సంపాదించుకొనును. పాలు పిల్లికి ప్రియమైనవే గాని, ఎదిగిన పిల్లులలో పెక్కింటికి అవి జీర్ణము గాక విరేచనములు కలుగును. మంచినీరు మాత్రము ఎల్లప్పుడు అందుబాటులో నుంచవలెను. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూరలు దానికి హానికరములు. జ్వరమునకు మనము వాడు పారాసిటమాల్ బిళ్ల యొక్కటియైనను పిల్లి ప్రాణము తీయగలదు.

పుట్టిన రెండవ వారము మొదలు ఏడవ వారము వఱకు మనుష్యుల చేతులలో మెలగిన పిల్ల మచ్చికయగును. ఆ కాలము దాటిన పిమ్మట మచ్చిక చేయుట బహుకష్టము.

ఇక ఎలుకలమందు సంగతి. బ్రోమాడియోలోన్ వంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని దినములు మందగమనమున తిరుగుచుండును. పిల్లికి సులభముగా చిక్కునది అట్టి ఎలుకయే! దానిని తిని పిల్లియు చచ్చుట గలదు. ఎలుక మూడు వారములకే ఈనును. పిల్లికి తొమ్మిది వారములు పట్టును. ఈ లెక్కను బట్టి మందు పెట్టిన యింట ముందుగా తిరిగి వృద్ధి పొందునది యేదియో సభ్యులే యోచింపవచ్చును. పిల్లి యున్న యింట విషము పెట్టక, బోనులు పెట్టుటయు కన్నములు పూడ్చుటయు మేలు.

పిల్లి యొక్కటియే ఎలుకలబాధ నెల్ల తీర్చునని మేము చెప్పుట లేదు. పెద్ద పందికొక్కు నెదుర్కొనుటకు పెక్కు పిల్లులు జంకును. చిట్టెలుకలను, ఎలుకపిల్లలను పట్టుటలోనే వాటి నేర్పు. మఱియు పిల్లిని పెంచువారికి కొన్ని విధులు గలవు. రేబీసు వ్యాధి కుక్కవలననే గాక పిల్లివలనను సంక్రమించును గనుక మూడవ నెలలో పశువైద్యునిచే టీకా వేయించి, పిదప నాయన చెప్పిన గడువున మరల వేయింపవలెను. కఱచినను గీరినను గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి తత్క్షణమే ఆసుపత్రికి పోవలెను. పిల్లి మలము ధాన్యపురాశిలో చేరకుండుటకై మూల నొక తొట్టిలో ఇసుక పోసియుంచవలెను. గర్భిణులు ఆ తొట్టిని ముట్టగూడదు.

సంఘపు గిడ్డంగికి కావలివాని నుంచి జీతమిచ్చుటకు మనము సందేహింపము. రాత్రియెల్ల మేల్కొనెడు ఈ రెండవ కావలికి దినమునకు రెండు చేపతలలు, గిన్నెడు నీరు వ్రాయుటకు మన లెక్కలలో చోటు లేదా? పాలకవర్గమువారు రాబోవు సమావేశమున దీనిని చర్చింతురు గాక. పిల్లికి పెట్టనిది ఎలుకకు పెట్టవలసివచ్చును. ఎలుక కొలత యెఱుగదు.