కోటప్పకొండ ఎక్కే సైకిళ్ల కోసం

పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి,

నడికుడిలో సైకిలు తొక్కే మాకు దొరికేది అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు, దాని మీద లారీలు, దుమ్ము. ఎక్కుడు తొక్కాలంటే నరసరావుపేట దాటి కోటప్పకొండ ఘాట్ రోడ్డుకే పోవాలి. మాలో చాలామందివి గేర్లు లేని సైకిళ్లు: ముందు 44 పళ్లు, వెనక 18. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరగాలి. వాలు పెరిగినచోట నిలబడి తొక్కుతాం, బండి అటూ ఇటూ ఊగుతుంది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి కారు హారన్ మోగితే గుండె జారిపోతుంది. ఆ భయంతోనే కొందరు కొండకు రావడం మానుకున్నారు.

ఇటలీలో 2,757 మీటర్ల ఎత్తున్న స్టెల్వియో కనుమను ఏటా ఒక రోజు సైకిళ్లకే వదిలేస్తారు. ఫ్రాన్సు కనుమల్లో కిలోమీటరుకో రాయి ముందున్న వాలు ఎంతో చెబుతుంది. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు, లక్షల జనం వచ్చినా ట్రాఫిక్ మళ్లించగల సిబ్బంది మీకున్నారు. నెలకో ఆదివారం, తెల్లవారినప్పటి నుంచి ఎనిమిదింటి దాకా, ఘాట్ మీద కార్లు, మోటారు సైకిళ్లు ఆపించండి. పెద్దవాళ్ల కోసం బస్సు మాత్రం తిరగనివ్వండి. వంపుల్లో కంకర ఊడ్పించండి, వాలు అంకెలు రాసిన రాళ్లు పాతించండి. వచ్చే శివరాత్రి లోపే మొదటి ఆదివారం ప్రకటించమని మనవి.

ఇట్లు,
నడికుడి నుంచి సైకిలు తొక్కే ఒక పౌరుడు