వెతుకులాటకూ వేళ కావాలి

గుంటూరులో మా కింది వాటాలో అద్దెకుండే అమ్మాయి 2025 వేసవంతా సైకాలజీ చదివింది. డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టుకు అందులోంచి బిట్లు వస్తాయి. పియాజే చెప్పిన ఇంద్రియ చాలక దశ దగ్గర పుస్తకంలో వేలు పెట్టుకుని, వస్తు స్థిరత్వం అంటే ఏమిటో తనకు తానే అప్పజెప్పుకునేది. వస్తువు కంటికి కనబడకపోయినా అది ఎక్కడో ఉందని పసివాడు గ్రహించడమే వస్తు స్థిరత్వం. ఓ సాయంత్రం మెట్లు దిగుతూ చూశాను. ఆమె అది వల్లె వేస్తుండగానే ఏడాదిన్నర కొడుకు వెనక నుంచి పాక్కుంటూ వచ్చి, ఆమె తువ్వాలు కింద దాచిన ఫోను లాక్కున్నాడు. ఆన్‌లైన్ క్లాసు ఆగిపోయింది. ఆ పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ ఏ మెటీరియల్లోనూ దొరకదు. కాకపోతే ఆ రోజు చదవాల్సింది చదవకుండానే మిగిలిపోయింది.

ఆ డీఎస్సీకి ఏప్రిల్ 20న నోటిఫికేషన్ వచ్చింది, జూన్ 6న పరీక్షలు మొదలయ్యాయి. మధ్యలో 47 రోజులు. 16,347 పోస్టులకు 3.3 లక్షల మందికి పైగా పోటీ పడ్డారు. తొంభై రోజులైనా గడువివ్వాలని అభ్యర్థులు అడిగారు, కుదరలేదు. ఆ గొడవలో ఒక సంగతి మరుగున పడిపోయింది. ఆ రోజులు దాదాపు అన్నీ వేసవి సెలవులే. చంటివాడికి తోడు బడికెళ్లే పెద్దపిల్ల కూడా రోజంతా ఇంట్లోనే ఉంటుంది. ఏ బాదరబందీ లేని అభ్యర్థి గదిలో తలుపేసుకుని రోజుకు పన్నెండు గంటలు చదవొచ్చు. ఇద్దరు పిల్లల తల్లికి వాళ్లు పడుకున్నాక ఓ రెండు గంటలు, లేవకముందు ఇంకో గంటన్నర దొరికితే గొప్ప. పరీక్ష హాల్లో మాత్రం ఇద్దరికీ అవే రెండున్నర గంటలు.

ఇలాంటి తల్లులు ఎందుకింత మంది ఉన్నారు? ఆంధ్రప్రదేశ్‌లో 2025 డీఎస్సీకి ముందు నియామకాలు జరిగింది 2018 డీఎస్సీతోనే. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. డీఎడ్ పూర్తిచేసి, టెట్ రాసి ఎదురుచూస్తున్న అమ్మాయిలకు ఈలోగా పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. 2018లో కడుపులో ఉన్న బిడ్డ 2025 నోటిఫికేషన్ నాటికి బడిలో చేరే ఈడుకొచ్చింది. గరిష్ఠ వయసును 44 ఏళ్లకు పెంచి ప్రభుత్వం ఆలస్యానికి పరిహారం ఇచ్చాననుకుంది. పెంచిన వయసు దరఖాస్తు పెట్టుకోవడానికి పనికొస్తుంది. చదువుకోవడానికి కావలసిన గంటలు దాంతో రావు.

ఉద్యోగం వెతుక్కోవడం కూడా ఒక పనే. డీఎస్సీ ఒక్కటే కాదు. సాఫ్ట్‌వేర్ కొలువు పోయి మళ్లీ అమీర్‌పేటలో కోర్సు నేర్చుకునేవాళ్లకైనా, ప్రసవం తర్వాత ‘ఈ రెండేళ్లు ఏం చేశారు’ అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కునేవాళ్లకైనా అంతే. చదవాలి, రాయాలి, తిరగాలి, పిలుపొస్తే చెప్పిన వేళకు తయారుగా ఉండాలి. వీటన్నిటికీ కావలసిన మొదటి పెట్టుబడి తెగిపోకుండా దొరికే కాలం. చిన్నపిల్లలున్న ఇంట్లో లేనిది అదే.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే దీనికి లెక్క చెప్పింది. జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88. ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసేవారిలో ఆడవాళ్లు 137 నిమిషాలు, మగవాళ్లు 75. చంటిపిల్లల తల్లి రెండు లెక్కల్లోనూ ఉంటుంది. రెండూ కలిపితే ఏడు గంటలు దాటుతుంది. ఆఫీసులో అయితే దాన్ని ఒక షిఫ్టు అంటారు. ఆ షిఫ్టు దిగాకే ఆమె ఉద్యోగ ప్రయత్నం మొదలవుతుంది.

అలాంటప్పుడు ఆమెను ఏ ఖాతాలో రాయాలి? శ్రామిక శక్తి సర్వేలో పని వెతుకుతున్నవారికి, పనికి సిద్ధంగా ఉన్నవారికి 81 అనే కోడ్ ఉంది. ఇంటిపనులకే పరిమితమైనవారికి 92. మొదటి కోడ్ పడితే నిరుద్యోగి, రెండోది పడితే శ్రామిక శక్తిలోనే లేనట్టు. సర్వే మనిషి గుమ్మంలోకొచ్చి ‘మీ కోడలు ఏం చేస్తుందండీ’ అని అడిగితే అత్తగారు ‘ఏం చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది’ అంటుంది. ఆవిడ అబద్ధమేం ఆడలేదు. కానీ అలమరలో ఉన్న హాల్‌టికెట్టు ఆ జవాబులో లేదు. కంటికి కనబడకపోయినా ఉన్నది ఉన్నట్టేనని ఏడాదిన్నర పిల్లాడికి తెలిసిపోయింది. మన లెక్కలింకా అక్కడిదాకా రాలేదు.

చట్టాల సంగతీ చూద్దాం. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాల్సి వచ్చేది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలు చేశారు, యాభై మంది ఉద్యోగులున్న సంస్థ క్రెష్ నడపాలన్నారు. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ క్రెష్ నిబంధనను కొనసాగించింది. ఉద్యోగం పోయిన ఈఎస్ఐ చందాదారులకు 90 రోజుల వరకు సగటు వేతనంలో కొంత భాగం చెల్లించే పథకం 2018లో వచ్చింది. అన్నీ మంచివే. అయితే ప్రతిదానికీ మొదటి షరతు ఒక్కటే: ఉద్యోగం ఉండాలి, లేదా నిన్నటిదాకా ఉండి ఉండాలి. బిడ్డను చూసే చోటు దొరికితే తప్ప ఉద్యోగం రాదు. ఉద్యోగం వస్తే తప్ప బిడ్డను చూసే చోటు దొరకదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెతకు చట్టరూపం ఇచ్చినట్టుంది.

ఈ ముడి ఎక్కడుందో కేంద్ర ప్రభుత్వానికి తెలియదనడానికి వీల్లేదు. పాత జాతీయ క్రెష్ పథకం పని చేసే తల్లులకే ఉద్దేశించింది. నెలకు కనీసం 15 రోజులో, ఏడాదికి ఆరు నెలలో పని ఉండాలని అందులో నిబంధన ఉండేది. మిషన్ శక్తిలో భాగంగా దాన్ని ‘పాల్నా’గా మార్చినప్పుడు, తల్లికి ఉద్యోగం ఉన్నా లేకపోయినా ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవచ్చన్నారు. అది చిన్న మార్పేమీ కాదు. దేశమంతటా 17,000 అంగన్‌వాడీ కేంద్రాలను క్రెష్‌లుగా కూడా నడపాలని లక్ష్యం పెట్టుకున్నారు. మన దేశంలో అంగన్‌వాడీలు 13 లక్షలకు పైనే. అంటే లక్ష్యం పూర్తిగా నెరవేరినా వందకు ఒకటి కాస్త మించుతుందంతే. ఆలోచన సరైన దారిలోనే పడింది, అడుగులే చాలడం లేదు.

‘పిల్లల్ని చూడ్డానికి అమ్మమ్మలు, నానమ్మలు ఉన్నారుగా’ అని చాలామంది అంటారు. ఉన్నవాళ్లు అదృష్టవంతులు. కానీ అల్లుడి ఉద్యోగం కోసం కూతురు ఊరుమారిన ఇంట్లో అమ్మమ్మ ఉండదు. మిర్చి కోతలకు వెళ్లే నానమ్మకు మనవణ్ని అప్పగిస్తే ఆవిడ కూలి పోతుంది. పైగా పెద్దావిడ సాయం ఏ రోజుకా రోజు అడిగి తీసుకోవాల్సిందే. మోకాళ్ల నొప్పి ఎక్కువైన రోజు అడగడానికే నోరు రాదు.

‘అసలు ఉద్యోగాలే లేనప్పుడు క్రెష్‌లెందుకు’ అన్నది రెండో మాట. ఇది ఇంకాస్త గట్టి ప్రశ్న. ఆ డీఎస్సీలో ఒక్కో పోస్టుకు ఇరవై మంది పోటీ పడ్డారు. ఎన్ని క్రెష్‌లు పెట్టినా ఆ ఇరవై మందిలో పందొమ్మిది మందికి నిరాశ తప్పదు. నిజమే. అయితే ఆ ఒక్కరు ఎవరన్నది చదివిన చదువు తేల్చాలి గాని, ఇంట్లో పిల్లాణ్ని ఎత్తుకునే మనిషి ఉన్నారా లేదా అన్నది కాదు. అదీ గాక క్రెష్ అంటే ఆయాలకు, టీచర్లకు కూడా ఉద్యోగమే.

ఇంట్లో జరిగేదాన్ని కూడా దాటవేయకూడదు. ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న భర్త ఇంటర్వ్యూకు తయారవుతుంటే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. ‘నాన్న చదువుకుంటున్నాడు, గోల చెయ్యకు’ అని పిల్లలకు మందలింపులు. అమ్మ చదువుకుంటున్నప్పుడు ఆ మాట అనేవాళ్లు తక్కువ. మగవాడి నిరుద్యోగానికి పరువు తక్కువన్న బాధ ఉంది, ఆ బాధ చిన్నదేం కాదు. కానీ ఆ బాధతో పాటు అతనికి ఒక గది కూడా దొరుకుతోంది. మా కింది వాటాలో అమ్మాయికి దొరికిందల్లా వంటింటి గడప. పాలు పొంగుతున్నాయో లేదో అక్కడి నుంచే కనిపిస్తుంది.

ఏం చేయొచ్చు? కొత్త శాఖలు అక్కర్లేదు. ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మనం కడుతూనే ఉన్నాం. జిల్లా కేంద్ర గ్రంథాలయాల రీడింగ్ రూములు పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటాయి. చంకలో బిడ్డతో ఒక్కరూ అక్కడ కనబడరు, ఎందుకంటే బిడ్డ ఏడిస్తే బయటికి పొమ్మంటారు. ఆ ఆవరణలోనే ఒక గదికి గ్రిల్లు, చాపలు పెట్టి, ఇద్దరు ఆయాలను వేస్తే అదొక పాల్నా కేంద్రమవుతుంది. పరీక్షల ముందు రెండు నెలలైనా అంగన్‌వాడీల్లో పిల్లల్ని సాయంత్రం దాకా ఉంచుకోవచ్చు. పరీక్షల తేదీలు ఖరారు చేసేటప్పుడు బడి సెలవుల క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడడానికి పైసా ఖర్చు లేదు. పరీక్ష కేంద్రం బయట చెట్టు కింద పసిబిడ్డతో కూర్చునే అమ్మమ్మకు ఒక ఫ్యాను, మంచినీళ్లు ఉన్న గది చూపించడానికి జీవో కూడా అవసరం లేదు.

ఆ అమ్మాయికి ఈసారి ఉద్యోగం రాలేదు. కొడుకు ఇప్పుడు వీధి చివరి అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. మళ్లీ టెట్ రాసి మార్కులు పెంచుకోవాలని చూస్తోంది. టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది మరి. ప్రభుత్వం నీకేం చేస్తే బాగుంటుందని అడిగాను. నోటిఫికేషన్ అంటుందనుకున్నాను, భృతి అంటుందనుకున్నాను. కాసేపు ఆలోచించి, ‘అన్నం పెట్టాక ఇంకో రెండు గంటలు వీణ్ని అక్కడే పడుకోబెడితే చాలండీ’ అంది.